వెలుగు ఎక్కడ పడకూడదు?
కారు ముందు బంపర్, ఫాగ్ లైట్లు: ఇంటి వాకిట్లో ఒక భౌతికశాస్త్ర పాఠం



ఈనాటి పాఠం తరగతి గదిలో కాదు, ఒక ఇంటి వాకిట్లో మొదలవుతుంది. ఆ ఇల్లు మధ్య అండమాన్‌లోని రంగత్‌లో ఉంది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం వారిది. వాళ్లబ్బాయి డిప్లొమా చదువుతున్నాడు. ఇంట్లో ఒక పాత చిన్న కారు కొన్నారు. ఒక ఆదివారం పొద్దున్నే ఆ అబ్బాయి నన్ను పిలిచాడు.

"మాస్టారూ, ఒక పూట సాయం చెయ్యండి. కారుకు ముందు బంపర్ మార్చేసి, ఫాగ్ లైట్లు పెట్టేద్దాం. రాత్రిపూట మన రోడ్డు మీద ఏమీ కనబడటం లేదు."

"ఏం కొన్నావో ముందు చూపించు బాబూ" అన్నాను.

వాకిట్లో పరిచిన గోనెసంచి మీద మూడు వస్తువులున్నాయి. ఒకటి, బంపర్ ముందు బిగించే లావుపాటి స్టీలు పైపుల గార్డు. రెండు, మూరెడు పొడవున్న ఎల్.ఇ.డి. దీపాల పట్టీ. మూడు, కాలింగ్ బెల్లుకు వాడే సన్నపాటి వైరు చుట్ట. డబ్బు పోసి కొన్నాడు, ఉత్సాహంగా ఉన్నాడు. వద్దంటే మనసు నొచ్చుకుంటుంది. అందుకని ఇలా అన్నాను: "తప్పకుండా బిగిద్దాం. కాని ముందు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పు. ఈ దీపం వెలుగు ఎక్కడికి పోతుంది? దీనికి కరెంటు ఏ దారిన వస్తుంది? రేపు దెబ్బ తగిలితే ఆ బలం ఎవరి మీద పడుతుంది?"

ఈ మూడు ప్రశ్నలే మన ఈనాటి పాఠం. పదో తరగతిలోనూ ఇంటర్మీడియట్‌లోనూ మీరు చదువుకున్న కాంతి, విద్యుత్తు, యాంత్రికశాస్త్రం ఇందులో వరసగా ఎదురవుతాయి.

రంగత్ చీకటి

ముందుగా స్థలాన్ని గురించి రెండు మాటలు. మన దేశానికంతటికీ ఒకే ప్రామాణిక కాలం. అది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద లెక్కించిన కాలం. రంగత్ సుమారు 92.9 డిగ్రీల దగ్గర ఉంది. తేడా 10.4 డిగ్రీలు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కనుక, గడియారం చూపే సమయం కంటే అక్కడి సూర్యుడు దాదాపు 42 నిమిషాలు ముందుంటాడు. అందువల్ల నవంబరు, డిసెంబరు నెలల్లో రంగత్‌లో సాయంత్రం 5 గంటల ప్రాంతంలోనే సూర్యాస్తమయమవుతుంది. బడి పిల్లలు ట్యూషన్ల నుంచి, పెద్దవాళ్లు పనుల నుంచి ఇంటికి చేరేవేళకే చీకటి పడుతుంది. అందులో చాలామంది రోడ్డు పక్కన నడిచి వెళ్లేవాళ్లే.

ఇక వర్షం సంగతి. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ అండమాన్‌ను తడుపుతాయి. మేలో మొదలైన వాన డిసెంబరు దాకా వస్తూ పోతూ ఉంటుంది. శ్రీవిజయపురం, అంటే 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన ఊరు, అక్కడి నుంచి ఉత్తరాన డిగ్లీపూర్ దాకా వెళ్లే అండమాన్ ట్రంక్ రోడ్డు రంగత్ మీదుగానే పోతుంది. ఆ రోడ్డుకు చాలాచోట్ల ఇరువైపులా దట్టమైన అడవి. వాన వెలిసిన తరువాత చెట్ల మధ్య నుంచి తెల్లటి తేమ తెర లేస్తుంది. వాతావరణశాస్త్రం లెక్కలో ఇది చాలాసార్లు పొగమంచు కాదు. చూపు 1000 మీటర్ల లోపుకు పడిపోతేనే దానిని పొగమంచు అంటారు. డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగి, అరకు దారుల్లో వెళ్లినవారికి అసలైన పొగమంచు ఎలా ఉంటుందో తెలుస్తుంది. రంగత్‌లో మన ప్రత్యర్థులు ముఖ్యంగా వాన, తేమ తెర, తడి రోడ్డు. ఈ తేడాను మరచిపోకండి. చివరలో అవసరమవుతుంది.

మొదటి ప్రశ్న: వెలుగు ఎక్కడికి పోతుంది?

పూజ గదిలో సాంబ్రాణి పొగ వేసినప్పుడు టార్చిలైటు వెలిగించి చూశారా? ఎదుటి గోడ కనబడదు, టార్చి ముందున్న పొగే తెల్లగా మెరుస్తుంది. ఇంకా పెద్ద టార్చి తెస్తే పొగ ఇంకా తెల్లగా మెరుస్తుంది తప్ప గోడ కనబడదు. పొగమంచులో హెడ్‌లైట్ హైబీమ్ వేసినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. గాలిలో తేలే కోట్ల కొద్దీ నీటి తుంపరలు కాంతిని అన్ని దిక్కులకూ చెదరగొడతాయి. దీనినే కాంతి పరిక్షేపణం అంటాం. చెదిరిన కాంతిలో కొంత తిరిగి మన కంటికే వస్తుంది. మన కంటికీ రోడ్డుకీ మధ్య ఒక వెలుగు తెర కట్టినట్లవుతుంది.

కనుక పొగమంచులో సమస్య వెలుగు చాలకపోవడం కాదు. మన చూపు పోయే దారిలోనే వెలుగు పడటం సమస్య. పరిష్కారం కూడా ఇందులోనే ఉంది. దీపాన్ని కంటికి దూరంగా, అంటే వీలైనంత కిందికి పెట్టాలి. దాని వెలుగును పక్కలకు వెడల్పుగా పరచాలి. పైకి మాత్రం అసలు పోనివ్వకూడదు. అప్పుడు వెలుగు పొర రోడ్డును ఆనుకుని పోతుంది, మన చూపు దానికి పైనుంచి సాగి రోడ్డును తాకుతుంది. వెలుగూ చూపూ కలిసి ప్రయాణించే దూరం తగ్గుతుంది కనుక తెర పలచబడుతుంది. మంచి ఫాగ్ లైటును గోడ మీదికి వేస్తే, కింద వెడల్పైన వెలుగు పట్టీ, పైన చీకటి, రెండింటి మధ్య కత్తితో కోసినట్లు ఒక అడ్డగీత కనబడతాయి. దానిని వెలుగు హద్దు గీత అందాం. ఫాగ్ లైటు గొప్పతనం దాని వాట్లలో లేదు, ఆ గీతలో ఉంది.

ఆ గీత ఎలా వస్తుంది? దీపం వెనుక ఉన్న పరావర్తకం సాధారణ రూపంలో పరావలయాకారంలో ఉంటుంది. కాంతి జనకం నాభి వద్ద ఉంటే పరావర్తనం చెందిన కిరణాలు సమాంతరంగా బయటికి వస్తాయి. జనకం నాభి నుంచి కొద్దిగా జరిగినా కిరణాలు దారి తప్పుతాయి. ఇప్పటి దీపాల్లో పరావర్తకం ఆకారం ఇంతకంటే జటిలంగా ఉన్నా సూత్రం ఇదే. హాలోజన్ బల్బులో సన్నని తంతువు ఎక్కడ ఉండాలో లెక్కగట్టి ఆ పరావర్తకాన్ని తయారుచేస్తారు. అదే గూటిలో బల్బు తీసేసి ఎల్.ఇ.డి. బల్బు దూరిస్తే కాంతి పుట్టే చోటు మారిపోతుంది. వెలుగు ఎక్కువైనట్లే ఉంటుంది గాని, హద్దు గీత చెరిగి సగం వెలుగు ఎదుటివారి కళ్లలోకి పోతుంది. ఎల్.ఇ.డి. చెడ్డదని కాదు. ఎల్.ఇ.డి. కోసమే రూపొందించిన పూర్తి దీపమైతే నిక్షేపంగా వాడవచ్చు.

పసుపా, తెలుపా?

"పసుపు కాంతి పొగమంచును చీల్చుకుని పోతుంది కదా మాస్టారూ!" అన్నాడు మా అబ్బాయి. చాలామంది ఇలాగే అనుకుంటారు. ఈ నమ్మకం ఆకాశం నీలిరంగు పాఠం నుంచి వచ్చింది. గాలి అణువులు కాంతి తరంగదైర్ఘ్యం కంటే ఎంతో చిన్నవి. అంత చిన్న కణాల విషయంలో పరిక్షేపణం తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుందని లార్డ్ రేలీ చూపాడు. 450 నానోమీటర్ల నీలికాంతి, 650 నానోమీటర్ల ఎరుపుకాంతి కంటే నాలుగు రెట్లకు పైగా ఎక్కువ చెదురుతుంది. అందుకే ఆకాశం నీలం.

కాని పొగమంచు తుంపర అణువు కాదు. దాని వ్యాసం సాధారణంగా 10 మైక్రోమీటర్ల స్థాయిలో ఉంటుంది. కాంతి తరంగదైర్ఘ్యం 0.4 నుంచి 0.7 మైక్రోమీటర్లు. అంటే తుంపర పదిహేను, ఇరవై రెట్లు పెద్దది. అంత పెద్ద కణం నీలాన్నీ, పసుపునూ, ఎరుపునూ దాదాపు ఒకేలా చెదరగొడుతుంది. అన్నం కుండ నుంచి లేచే ఆవిరి తెల్లగా కనబడటానికి కారణం ఇదే. పసుపు నిజంగా చీల్చుకుపోయేదైతే పొగమంచుకు రంగు కనబడాలి కదా!

ఇది ఇంట్లోనే పరీక్షించవచ్చు. గాజు గ్లాసు నీళ్లలో నాలుగు చుక్కల పాలు కలిపి, చీకటి గదిలో పక్క నుంచి తెల్లటి టార్చి వేయండి. పక్కవైపు నుంచి చూస్తే నీలి ఛాయ, ఎదురుగా చూస్తే పసుపు ఛాయ కనబడతాయి. పాలలోని కణాల్లో ఎక్కువ భాగం చాలా చిన్నవి. తరువాత అదే టార్చిని మరుగుతున్న నీటి ఆవిరి మీద వేయండి. ఎటు చూసినా తెలుపే.

ఫ్రాన్స్‌లో 1936లో చేసిన నియమం వల్ల కార్ల హెడ్‌లైట్లు పసుపు రంగులో ఉండేవి. 1993లో ఆ నిర్బంధం తొలగిపోయింది. పసుపు వెలుగు కంటికి హాయిగా ఉందనేవారు ఉన్నారు, అందులో తప్పులేదు. ఫాగ్ లైట్లకు తెలుపు, పసుపు రెండూ అనుమతించిన రంగులే. కాని రెండు దీపాలూ ఒకే రంగులో ఉండాలి. రంగు మీద కంటే హద్దు గీత మీద శ్రద్ధ పెట్టండి.

ఒక సాయంత్రం సంగతి

ఎందుకింత పట్టుదల అంటారేమో. కొన్నేళ్ల కిందట వాన వెలిసిన ఒక సాయంత్రం నేను స్కూటర్ మీద ఇంటికి వస్తున్నాను. ఎదురుగా ఒక బండి, దాని నెత్తిన దీపాల పట్టీ. ఒక్కసారిగా నాకు లోకమంతా తెల్లబడింది. బండి దాటిపోయాక లోకమంతా నల్లబడింది. బ్రేకు వేశాను. చూపు వచ్చేసరికి, నాకు రెండు మూరల దూరంలో ఒక పెద్దావిడ గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె మీద చేయి వేసినట్లే ఆగింది స్కూటర్. ఏమీ జరగలేదు. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

లెక్క చూడండి. గంటకు 30 కి.మీ. వేగమంటే సెకనుకు 8.3 మీటర్లు. కళ్లు బైర్లు కమ్మి రెండు సెకన్లు చూపు పోతే 16 మీటర్లకు పైగా గుడ్డిగా పోయినట్లే. ఆ దీపాల పట్టీ పెట్టుకున్నవాడికి రోడ్డు చక్కగా కనబడే ఉంటుంది. వాడి వెలుగు ఖరీదు ఎదురుగా వచ్చేవాడు చెల్లించాడు.

మన కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989లో 106వ నియమం ఈ సంగతినే రేఖాగణితంగా చెబుతుంది. దీపానికి 8 మీటర్ల ముందు, కుడి అంచు నుంచి అర మీటరు కుడికి, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఒక కన్ను ఉందనుకోండి. ఆ కంటికి మిరుమిట్లు కలగకూడదు. మన దీపం నేలకు 0.5 మీటర్ల ఎత్తులో ఉంటే, అక్కడి నుంచి ఆ కన్ను 8 మీటర్లకు 1 మీటరు పైన ఉంది. అంటే సుమారు 7 డిగ్రీల కోణం. హద్దు గీత లేని దీపం పైకి 15, 20 డిగ్రీల దాకా వెలుగు చల్లుతుంది. ఆ కన్ను దానికి సరిగ్గా నడిమధ్యన చిక్కుతుంది. ఇంత లెక్క అయ్యాక మా అబ్బాయి తనంతట తనే ఆ పట్టీని పక్కన పెట్టాడు.

రంగత్‌లో మరో ప్రాణి సంగతి కూడా చెప్పాలి. దగ్గరలోని కత్‌బర్ట్ బే తీరంలో సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి. రాత్రిపూట గుడ్ల నుంచి వెలువడిన పిల్లలు వెలుతురు ఎక్కువగా ఉన్న దిక్కునే సముద్రమని భావించి పాకుతాయి. తీరం వైపు తిప్పిన తెల్లటి దీపం వాటిని సముద్రం నుంచి రోడ్డు వైపుకు లాగుతుంది. వెలుగు పడకూడని చోట్లలో అదొకటి.

గోడ మీద గీత

ఫాగ్ లైటును సరిచేసే పద్ధతి ఇది. చదునైన నేల మీద, గోడకు 5 మీటర్ల దూరంలో కారును నిలపండి. టైర్లలో గాలి సరిగా ఉండాలి, డ్రైవరు సీటులో ఒకరు కూర్చోవాలి. దీపం మధ్యబిందువు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవండి. 50 సెం.మీ. ఉందనుకుందాం. గోడ మీద 40 సెం.మీ. ఎత్తులో సుద్దతో అడ్డగీత గీయండి. వెలుగు హద్దు ఆ గీత మీద కూర్చునేలా దీపం మరను తిప్పండి. 5 మీటర్లకు 10 సెం.మీ. దిగింది. అంటే 2 శాతం వాలు. ఇదే వాలుతో పోతే 50 సెం.మీ. దిగడానికి 25 మీటర్లు కావాలి. కనుక మన వెలుగు 25 మీటర్ల దగ్గర నేలను తాకి ముగుస్తుంది.

ఇప్పుడు అసలు లెక్క. తడి రోడ్డు ఘర్షణ గుణకం 0.4 అనుకుందాం, డ్రైవరు స్పందించడానికి 1 సెకను అనుకుందాం. 30 కి.మీ. వేగంలో స్పందన లోపు 8.3 మీటర్లు, బ్రేకు వేశాక దాదాపు 8.9 మీటర్లు, మొత్తం 17 మీటర్ల చిల్లర. 25 మీటర్ల లోపు ఆగగలం. 40 కి.మీ. వేగంలో 11.1, 15.7 కలిపి 26.8 మీటర్లు. వెలుగు అంచు దాటిపోయాం! కేవలం 10 కి.మీ. తేడా. ఫాగ్ లైటు మనకు వేగాన్ని ఇవ్వదు, నిదానంగా పోయేవాడికి దారి అంచు చూపిస్తుంది, అంతే.

రెండవ ప్రశ్న: కరెంటు ఏ దారిన వస్తుంది?

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కుర్రతనంలో నా పాత కారుకు నేనే రెండు దీపాలు బిగించాను. సన్న వైరు, ఫ్యూజు లేదు, బ్యాటరీ నుంచి నేరుగా డ్యాష్‌బోర్డు స్విచ్చికి, అక్కడి నుంచి దీపాలకు. పది నిమిషాలు వెలిగాక ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. బానెట్ ఎత్తి చూస్తే వైరు మీది తొడుగు మెత్తబడి ఇనుముకు అంటుకుంటోంది. మరో అయిదు నిమిషాలు ఆగితే ఏమయ్యేదో ఊహించుకోండి.

లెక్క చూద్దాం. 55 వాట్ల దీపాలు రెండు, మొత్తం 110 వాట్లు. 12 వోల్టులతో భాగిస్తే 9.2 ఆంపియర్లు. అర చదరపు మిల్లీమీటరు రాగి తీగ నిరోధం మీటరుకు సుమారు 0.034 ఓమ్‌లు. నాలుగు మీటర్లకు 0.138 ఓమ్‌లు. ఓమ్ నియమం ప్రకారం తీగలోనే 1.27 వోల్టులు పోతాయి. ప్రవాహ వర్గాన్ని నిరోధంతో గుణిస్తే 11.6 వాట్లు. అంత ఉష్ణం ఆ సన్న తీగలో పుడుతుంది. పైగా టంగ్‌స్టన్ తంతువు వెలుగు వోల్టేజీతో చాలా వేగంగా మారుతుంది. వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. అంటే కొన్న వెలుగులో మూడో వంతు తీగను కాల్చడానికి ఖర్చయింది! అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే పోయేది పావు వోల్టు, పుట్టే ఉష్ణం 2.3 వాట్లు మాత్రమే.

కనుక సరైన దారి ఇది. బ్యాటరీ ధన ధ్రువం నుంచి జానెడు దూరంలోపే 15 ఆంపియర్ల ఫ్యూజు. ఫ్యూజు కాపాడేది దీపాన్ని కాదు, తీగను. ఫ్యూజు నుంచి లావుపాటి తీగ రిలేకు. రిలే అంటే విద్యుదయస్కాంతంతో పనిచేసే స్విచ్చి. దాని మీద అంకెలు ఉంటాయి. 30వ కాలుకు బ్యాటరీ తీగ, 87వ కాలు నుంచి దీపాలకు. 85, 86 కాళ్లు లోపలి తీగచుట్టవి. ఆ చుట్టకు ఆంపియరులో అయిదో వంతు చాలు. కనుక డ్యాష్‌బోర్డు స్విచ్చి దాకా సన్న తీగ పోయినా ఫరవాలేదు. చిన్న ప్రవాహం పెద్ద ప్రవాహాన్ని ఆజ్ఞాపిస్తుంది. ఆ స్విచ్చికి సరఫరా పార్కింగ్ లైటు తీగ నుంచి తీసుకుంటే, బండి దీపాలు ఆర్పినప్పుడు ఇవీ ఆరిపోతాయి.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ రుణ ధ్రువాన్నే ముందుగా విప్పాలి. కారు ఇనుప శరీరమంతా రుణ ధ్రువానికి కలిసి ఉంటుంది. ముందుగా ధన ధ్రువం విప్పుతూ స్పానర్ పొరపాటున శరీరానికి తగిలితే షార్ట్ సర్క్యూట్ అయి నిప్పులు ఎగురుతాయి. హాలోజన్ బల్బు గాజును వేళ్లతో తాకవద్దు. చేతి జిడ్డు అంటిన చోట అది అధికంగా వేడెక్కి చెడిపోతుంది.

సముద్రపు ఊళ్లలో ఇంకో జాగ్రత్త. ఉప్పుగాలికి రాగి, ఇనుము కలిసే చోట చిన్న విద్యుద్ఘటం ఏర్పడినట్లే అవుతుంది. ఉప్పు తేమ దానికి విద్యుద్విశ్లేష్యం. ఇనుము క్షయమై పొడిగా రాలుతుంది, నిరోధం పెరుగుతుంది. అందుకే కనెక్టర్లకు రబ్బరు సీలు ఉండాలి. భూమి తీగను గీకిన శుభ్రమైన లోహం మీద బిగించి, పైన గ్రీజు గాని వాజలైన్ గాని పూయాలి. తీగను కనెక్టరు కంటే కిందికి ఒక వంపు వదిలితే, తీగ వెంట జారిన నీటిబొట్టు ఆ వంపు నుంచి నేలరాలుతుంది, కనెక్టరులోకి పోదు.

మూడవ ప్రశ్న: బలం ఎవరి మీద పడుతుంది?

ఇప్పుడు బంపర్. మనకు బయట కనబడేది నిజానికి తొడుగు మాత్రమే. చాలా కార్లలో అది పాలిప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. దాని వెనుక ఒక లోహపు దూలం, అనేక కార్లలో దెబ్బను పీల్చుకునే ఫోము గాని నలిగే పెట్టెలు గాని ఉంటాయి. "ఈ ప్లాస్టిక్ ఏం కాపాడుతుంది మాస్టారూ, చిన్న దెబ్బకే నలిగిపోతుంది" అన్నాడు మా అబ్బాయి. నలగడమే దాని ఉద్యోగం!

800 కిలోల కారు గంటకు 40 కి.మీ. వేగంతో పోతోంది. దాని గతిజశక్తి సుమారు 49,000 జౌళ్లు. 6.3 మీటర్ల ఎత్తు నుంచి, అంటే దాదాపు రెండంతస్తుల మేడ మీద నుంచి కారు పడితే వచ్చే శక్తి అంత. కారు ఆగాలంటే ఈ శక్తి ఎక్కడో ఖర్చు కావాలి. ముందు భాగం అర మీటరు నలిగి ఆగితే సగటు బలం 98,000 న్యూటన్లు. నలగకుండా 10 సెం.మీ. లోనే ఆగితే 4,90,000 న్యూటన్లు, అయిదు రెట్లు. ఎగిరే క్రికెట్ బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాగుతాం కదా, అదే సూత్రం.

స్టీలు పైపుల గార్డును నేరుగా ఛాసిస్‌కు బిగిస్తే నలిగే చోటును దాటేసి బలం తిన్నగా లోపలికి పోతుంది. గాలిసంచులున్న కార్లలో, దెబ్బ తీవ్రతను సెన్సర్లు గుర్తించే తీరు కూడా మారిపోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, బయట నడిచే మనిషి. వెడల్పైన, వంగే ప్లాస్టిక్‌కు తగిలిన కాలికీ, సన్నని ఇనుప పైపుకు తగిలిన కాలికీ తేడా ఉంది. అదే బలం తక్కువ వైశాల్యం మీద పడితే పీడనం పెరుగుతుంది. అందుకే 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ ఇటువంటి గార్డులు 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షనుకు విరుద్ధమని, వాటిపై చర్య తీసుకోవాలని రాష్ట్రాలకు రాసింది. నాకు మళ్లీ ఆ గొడుగు పట్టుకున్న పెద్దావిడ గుర్తుకు వచ్చింది. ఆ రోజు ఆమె ముందు ఆగింది స్కూటర్. అదే పైపుల గార్డున్న బండి అయి, ఆగకుండా ఉంటే?

అయితే ఏం చేయవచ్చు?

చేయదగినవి ఉన్నాయి. మా అబ్బాయి కారు తక్కువ ధర రకం. దాని బంపర్‌లో రెండు వైపులా గుండ్రటి గూళ్లు ఉన్నాయి, వాటికి ప్లాస్టిక్ మూతలు పెట్టి ఉన్నాయి. అదే కారు ఖరీదైన రకంలో ఆ గూళ్లలో ఫాగ్ లైట్లు వస్తాయి. తయారీదారు లెక్కగట్టి ఉంచిన చోటు అది. అందులో ఆ కారుకే తయారైన దీపాలు పెడితే ఎత్తు, దూరం, హద్దు గీత అన్నీ కుదురుతాయి. ఫాగ్ లైటు నేల నుంచి కనీసం 25 సెం.మీ. ఎత్తులో, హెడ్‌లైటుకు కిందనే ఉండాలి. రెండు పక్కలా సమాన దూరంలో ఉండాలి. అలాంటి గూళ్లు లేని కారు అయితే బిగించే ముందు రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

బంపర్ తొడుగు విప్పేటప్పుడు ఇద్దరుండాలి. చక్రాల దగ్గరి మరలు, పైనా కిందా ఉన్న ప్లాస్టిక్ క్లిప్పులు తీశాక తొడుగు ఒక్కసారిగా ఊడి కింద పడుతుంది. జాకీ మీద నిలిపిన కారు కిందికి మాత్రం ఎవరూ దూరవద్దు.

తొడుగు లోపలివైపు ఇంగ్లిషు అక్షరాల్లో పి.పి. అని ముద్ర ఉంటే అది పాలిప్రొపిలీన్. గీకిన ముక్కను నీళ్లలో వేస్తే సాధారణంగా తేలుతుంది, దాని సాంద్రత నీటికంటే తక్కువ. సుమారు 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కనుక వేగంగా డ్రిల్లు తిప్పితే తెగదు, కరిగి అంటుకుంటుంది. నిదానంగా తిప్పాలి. మామూలు జిగురూ, రంగూ దానికి పట్టవు. దాని అణువులు ఇతర పదార్థాలను బలంగా ఆకర్షించవు. అందుకే సన్నగా గరుకుకాగితం పట్టి, ప్లాస్టిక్ ప్రైమర్ వేసి, ఆ పైన రంగు వేయాలి. దీపం బరువును తొడుగు మీద కాక లోహపు బ్రాకెట్ మీద నిలపాలి. లేకపోతే కుదుపులకు హద్దు గీత నాట్యం చేస్తుంది.

అందం కోసం బంపర్ కింద అదనపు పెదవి తగిలించాలని కొందరికి ఉంటుంది. టైరు నేలను తాకే చోటు నుంచి బంపర్ అంచు 65 సెం.మీ. ముందుకు, 20 సెం.మీ. ఎత్తులో ఉంటే కారు దాదాపు 17 డిగ్రీల వాలు ఎక్కగలదు. 8 సెం.మీ. పెదవి దించితే అది 10 డిగ్రీల చిల్లరకు పడిపోతుంది. ద్వీపాల్లో వాహనాలను దాటించే ఫెర్రీల వాలు పలక దగ్గర ఆ పెదవి మొదటి రోజే ఊడిపోతుంది.

వాడకం గురించి ఒక్క మాట. మొదట మనం చెప్పుకున్న తేడా ఇక్కడ పనికి వస్తుంది. తడిసిన తారురోడ్డు అద్దంలా పనిచేస్తుంది. కిందికి వేసిన ఫాగ్ లైటు వెలుగు దాని మీద పరావర్తనం చెంది ఎదుటివారి కళ్లకు పోతుంది. కనుక తేమ తెర గాని, జడివాన గాని చూపును నిజంగా మూసినప్పుడే వేయండి. తెర తొలగగానే ఆర్పేయండి. లోతైన నీటిలో దిగేముందూ ఆర్పండి, వేడెక్కిన గాజు మీద చన్నీళ్లు పడితే పగలవచ్చు.

సాయంత్రానికి పని పూర్తయింది. గూళ్లలో రెండు చిన్న దీపాలు, లావుపాటి తీగ, ఫ్యూజు, రిలే, గోడ మీద సుద్దగీత. చీకటి పడ్డాక దీపాలు వేసి, ఆ అబ్బాయిని రోడ్డు మీద ఎనిమిది అంగలు నడిచి వెళ్లి నిలబడి, ఇటు తిరిగి చూడమన్నాను. "కళ్లకు ఏమీ కొట్టడం లేదు మాస్టారూ, నా కాళ్ల దగ్గర రోడ్డు మాత్రం కనబడుతోంది" అన్నాడు. అదే ఆ దీపానికి పరీక్ష. స్టీలు గార్డు ఏమైందంటారా? వాళ్లమ్మగారు దానిని పెరట్లో పాతించి పొట్లపాదు ఎక్కించారు.

విద్యార్థులారా, బండికి ఏది తగిలించినా దానిని రెండుచోట్ల నిలబడి చూడండి. ఒకసారి డ్రైవరు సీటులో నుంచి, ఒకసారి రోడ్డు మీద నడిచే మనిషి కంటితో. రెండో చూపులో సరిగా ఉంటేనే ఆ పని పూర్తయినట్లు.

ఇంటి దగ్గర ఆలోచించడానికి ప్రశ్నలు

1. ఫాగ్ లైటు 60 సెం.మీ. ఎత్తులో ఉంది. వాలు 2 శాతం. వెలుగు ఎంత దూరంలో నేలను తాకుతుంది?

2. మొత్తం 24 వాట్ల ఎల్.ఇ.డి. ఫాగ్ లైట్ల జత 12 వోల్టుల మీద ఎంత ప్రవాహం తీసుకుంటుంది? దీనికి 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టవచ్చునా? తీగ మందంతో ముడిపెట్టి చెప్పండి.

3. మీ ఊరి రేఖాంశం కనుక్కుని, మీ సూర్యుడు గడియారం కంటే ఎన్ని నిమిషాలు ముందున్నాడో, వెనుకున్నాడో లెక్కకట్టండి.

మళ్లీ కలుసుకుందాం. సెలవు.